సామేలన్న ప్రార్థన

సుగుణమ్మక్కకు వందనాలు.

మీ గుమ్మం ఎక్కే మొహం లేక ఉత్తరం రాస్తున్నాను. పక్షవాతం వచ్చాక మీ ఆయన సామేలన్న మొదటిసారి మన వేంపల్లె చర్చికి వచ్చిన ఆదివారం, ఎప్పటిలాగే ప్రార్థన చేయమని మైకు ఇచ్చింది నేనే. ఆయన నోట బూతు మాట వచ్చింది. కాగితం మీద రాయలేని మాట. జనం నవ్వారు. నేను మైకు లాక్కుని, "సైతాను మాట్లాడుతున్నాడు, బయటికి తీసుకుపోండి" అన్నాను.

"అయ్యగారూ, ఆయప్పకు ఇంగో మాట రాదు. నీళ్లు కావల్లన్నా అదే అంటాండాడు" అని మీరు ఏడ్చారు. నోటి మాట ఆత్మలోంచే వస్తుందని మీకే వాక్యం చెప్పాను.

నిన్న కర్నూలులో మెదడు డాక్టరును అడిగాను. మెదడులో మాటల చోటు దెబ్బతింటే ఒక్కోసారి తిట్టు ఒక్కటే మిగులుతుందట. ఆత్మ సంగతి తనకు తెలియదన్నాడు. నాకు తెలుసని ఇన్నేళ్లూ ప్రసంగించాను.

ఆ రోజు అన్న కళ్లు మూసుకుని, చేతులు జోడించి, ఆ ఒక్క మాటనే బతిమాలుతున్నట్టు నాలుగుసార్లు అన్నాడు. తర్వాత కళ్లు తెరిచి నావైపు చూస్తూ ఆగాడు. ఆమెన్ కోసం ఆగాడక్కా.

ఈ ఆదివారం అన్నను తీసుకురండి. మైకు ఆయన చేతికే ఇస్తాను. ఆయన ఏమన్నా సరే, ముందుగా ఆమెన్ నేను చెబుతాను.

మీ పాస్టరు