మీటరు చూపిన అంకె

వనపర్తి,
18 మార్చి 2025

ప్రియమైన ఫర్హీన్‌కు,

సలాం. ఆత్మకూరులో నువ్వు, అమ్మీ, అబ్బా బాగున్నారనీ, నీ రంజాన్ రోజాలు ఆగకుండా సాగుతున్నాయనీ అనుకుంటున్నాను. ఫోన్‌లో నీ నంబరు నొక్కి, మోగకముందే కట్ చేస్తున్నాను. ఇంగ్లీషులో ఉత్తరం మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. నా తెలుగు తప్పులు చూసి నవ్వుకో, పర్లేదు.

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో మన కంప్యూటర్ ముందు ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. యూనివర్సిటీ, కంపెనీ కలిసి నేర్పే సిమ్యులేషన్ క్లాసులు ఆగలేదు. ఏదైనా తయారుచేసే ముందు కంప్యూటర్‌లో తిప్పి చూస్తే మనిషికి దెబ్బ తగలదని మొదటిరోజు చెప్పిన శ్రవణ్ కుమార్ సార్, ఇప్పుడు ఆ మాట అనడం లేదు.

నిన్న తిమ్మమ్మను చూడ్డానికి దవాఖానకు పోయాను. మా మిల్లులో పల్లికాయ కొట్టే మిషన్‌కు మన లెక్కతో చేసిన ఇనుప మూత ఊడి, ఆమె రెండు వేళ్లు పోయాయి కదా. ఏడుస్తుందనుకున్నాను. ఇగ నా లెక్క ఎనిమిది దాంకనే బిడ్డా, సదువుకున్నదానివి, మిగిలింది నువ్వు లెక్కవెట్టు అని నవ్వింది. తెచ్చిన పండ్లు మంచం మీద పెట్టి బయటికొచ్చేశాను.

జనవరిలో ఆ మిషన్ డ్రమ్ముకు వేగం కొలిచే మీటరు పట్టి నువ్వు చదివావు, నేను రాశాను. కాగితంలో ఉన్నది నిమిషానికి 420 చుట్లు. ఆ వేగానికి మూత ఆగుతుందని కంప్యూటర్ చెప్పింది. ప్రమాదం తర్వాత సార్ కొలిస్తే 620 వచ్చింది. మా మిషన్ ఎప్పుడూ గంతే ఉరుకుతది సార్ అన్నాడు నాయన. దాంతో తప్పు చదివింది నువ్వేనని కాలేజీవాళ్లు నిన్ను ఇంటికి పంపారు. సోమవారం వచ్చి ఒప్పుకుంటూ సంతకం పెడితే నీ సీటు పూర్తిగా పోతుంది.

నాకు యాదికొస్తలేదు కావ్యా, నేనే తప్పు జూసిన్నేమో అని బస్టాండులో అన్నావు. నేను నీ చున్నీ సర్ది బస్సెక్కించాను.

ఫర్హీన్, సంతకం పెట్టకు.

నీ
కావ్య

తా.క.: ఆ రోజు నువ్వు చదివింది 620. మిషన్ ఎప్పుడూ గంతే ఉరుకుతదని సార్‌తో అన్నది అబద్ధం; సీజన్‌లో పని తొందరగా తెమలాలని నాయన పుల్లీ మార్చి వేగం పెంచుతాడు. గీ సంగతి బయటవడితే మిల్లు మూయిస్తరు బిడ్డా అని ముందే చెప్పాడు. అందుకే మిషన్‌తో వచ్చిన పుస్తకంలోని 420 రాశాను. మూడుసార్లు సార్ గది దాకా పోయి తిరిగొచ్చాను. ఈ ఉత్తరం ఆయనకు చూపించు. ఇంట్లో ఇక నాతో ఎవరూ మాట్లాడరు. నువ్వూ మాట్లాడకపోయినా సరే. చూపించు.