హెడ్డాఫీసు నుంచి ఊరికే వస్తున్నారు

ఆదోని,
3-8-79

ఎమ్మిగనూరు నూలు డిపో నబీ సాబ్ గారికి, మిల్లు హెడ్డాఫీసు గుమాస్తా సేతుమాధవరావు నమస్కారాలు.

మీరంతా కుశలమని తలుస్తాను. మన పెద్దసారు కొడుకు బొంబాయిలో చదువు ముగించుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. చిన్నసారు అంటున్నాం. ఊళ్ళలో ఒంటరిగా డిపోలు చూసుకునేవాళ్ళకు మిల్లు మనదే అనిపించాలంటే, ఆఫీసు నుంచి ఒకరు వెళ్ళి పక్కన కూర్చుని కష్టసుఖాలు అడిగి రావాలని ఆయన ఆలోచన. బస్సు ఛార్జీ మిల్లే ఇస్తుందట. ఎవరు వెళ్తారని అడిగితే అందరూ తలలు వంచుకున్నారు. నాకు సరిగ్గా అప్పుడే తుమ్ము వచ్చింది. చిన్నసారు నా వైపు చూశారు.

కాబట్టి 16వ తేదీ గురువారం మీ దగ్గరికి వస్తున్నాను. పదకొండేళ్ళుగా మన మధ్య ఉత్తరాలే తప్ప ఒకరి మొహం ఒకరం చూసింది లేదు. మీరు ఆదోని వచ్చినా గోడౌను నుంచే లారీ ఎక్కి వెళ్ళిపోతారు. నాకేమో బస్సంటే కడుపులో తిప్పుతుంది. మీ వయసెంతో, పిల్లలెందరో ముందుగా రాసి పంపితే మాట్లాడుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఇట్లు,
సేతుమాధవరావు

తా.క.: ఏర్పాట్లేమీ వద్దు. నేను పని మీద రావడం లేదు. ఊరికే వస్తున్నాను.

*

ఎమ్మిగనూరు,
6-8-79

రావు గారికి నబీ సాబ్ సలాములు.

మీ ఉత్తరం అందేదాకా ఇక్కడ అందరం క్షేమం. అందినప్పటి నుంచి ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదు.

అయ్యా, నా వల్ల ఏం తప్పు జరిగింది? నూలు తడిసిందా? నేతగాళ్ళెవరైనా చాడీలు చెప్పారా? ఏదున్నా ఉత్తరంలోనే తిట్టండి, పడతాను. ఊరికే మాత్రం రాకండి. కోసిగి డిపో బడే సాబ్ సంగతి మీకు తెలియనిది కాదు. మూడేళ్ళ కింద ఆయన దగ్గరికి కూడా ఆఫీసు నుంచి ఒకాయన ఊరికే వచ్చాడు. టీ తాగాడు. పిల్లలెందరని అడిగాడు. చిన్నపిల్లను ఎత్తుకున్నాడు కూడా. ఆ నెలాఖరుకు డిపోకు తాళం పడింది. బడే సాబ్ ఇప్పుడు పెళ్ళాంపిల్లలతో బెంగుళూరులో రాళ్ళు మోస్తున్నాడు. మా ఇద్దరు పిల్లలు ఇంకా బళ్ళో ఉన్నారు, ఈ డిపో పోతే మాకూ అదే దారి.

మా ఇంటావిడ జమ్రుద్‌బీకి మీ ఉత్తరం చదివి వినిపించాను. "ఊరికే వస్తానని రాసినాడంటే ఊరికే పోడు. నా మాట ఇను, పరుపులు చుట్టి పెట్టుకుందాం" అంటోంది. రెండు చుట్టేసింది కూడా. కింద పడుకుంటున్నాం.

ఇట్లు,
వణుకుతూ,
నబీ సాబ్

తా.క.: వయసు అడిగారు. రేషన్ కార్డులో యాభై ఎనిమిదని ఉంది. అది మా నాయన పోయినప్పటి వయసు, పొరపాటున నాకు పడింది. నాకు యాభై రెండు. ఎక్కువనిపిస్తే నలభై ఎనిమిదని రాసుకోండి, నేనేమీ అనుకోను.

*

ఆదోని,
9-8-79

నబీ సాబ్ గారికి సేతుమాధవరావు నమస్కారాలు.

అయ్యో, ఎంత మాట! మీ మీద ఎవరికీ ఏ కోపమూ లేదు. పరుపులు పరుచుకోండి. మీ భయం పోవాలని చిన్నసారు నాకిచ్చిన ప్రశ్నలు ముందే రాసేస్తున్నాను, వచ్చాక కంగారు పడకుండా ఉంటారు. ఒకటి, మీరు ఈ పనిలో సంతోషంగా ఉన్నారా? రెండు, మీరు లేకపోతే ఈ డిపో ఎవరు చూసుకోగలరు? మూడు, ఇంకో ఊళ్ళో ఉండాలని ఎప్పుడైనా అనిపించిందా? చూశారా, ఇందులో భయపడాల్సింది ఏముంది?

భోజనం సంగతి. నాకు మడి, ఆచారం ఉన్నాయి. మా ఆవిడ ఇందిరాబాయి పెరుగన్నం కట్టి ఇస్తుంది, తాగే నీళ్ళు కూడా చెంబులో తెచ్చుకుంటాను. కాబట్టి మీ ఇంట్లో ఏదీ ముట్టను. తప్పుగా అనుకోవద్దు.

ఇట్లు,
సేతుమాధవరావు

తా.క.: బడే సాబ్ దగ్గరికి వెళ్ళిన ఆఫీసు మనిషి గురించి వాకబు చేశాను. కోసిగి నుంచి తిరిగి వచ్చేసరికి అతని కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉన్నారట. అంటే అతన్నీ తీసేశారు. కనుక మీరు ధైర్యంగా ఉండండి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నాకే అన్నం సయించడం లేదు.

*

ఎమ్మిగనూరు,
11-8-79

రావు గారికి సలాములు.

కార్డు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. మీరు లేకపోతే ఎవరు చూసుకుంటారన్న రెండో ప్రశ్నతో అంతా తెలిసిపోయింది. మా ఇంట్లో తింటే తర్వాత మమ్మల్ని తీసెయ్యడానికి మీకు మనసొప్పదనే చెంబు తెచ్చుకుంటున్నారని జమ్రుద్‌బీ తేల్చి చెప్పింది. మిగతా పరుపులు కూడా చుట్టింది.

గురువారం నేను ఊళ్ళో ఉండను. కోసిగిలో మా పెద్దమ్మ పోయింది. దయచేసి రావద్దు.

ఇట్లు,
దుఃఖంలో,
నబీ సాబ్

తా.క.: పెద్దమ్మ ఇంకా పోలేదు. గురువారానికి పోయేలా ఉంది.

*

ఆదోని,
18-8-79

నబీ సాబ్ గారికి సేతుమాధవరావు నమస్కారాలు.

మీరు వద్దన్నా వచ్చాను. రాక ఏం చెయ్యను? నేను వెళ్ళనంటే నా కుర్చీ ఆ రోజే పోయేది. బస్సులో పడిన అవస్థ రాయను. మీ డిపో ముందు దిగేసరికి ఒళ్ళంతా చెమట. తలుపు తీసే ఉంది. లోపల మీ హమాలీ తిక్కయ్య ఒక్కడే మూట మీద కూర్చుని ఉన్నాడు. "సాబ్ లేడప్పా. కోసిగికి పోయినాడు. ఎప్పుడొచ్చేదీ తెల్దు" అన్నాడు.

ఇంతలో వాన అందుకుంది. బస్సు లేదు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. మిమ్మల్ని అడగాల్సినవన్నీ నోట్లో ఉండిపోతే ఏం తోస్తుంది? ఆ తిక్కయ్యతోనే ఏవేవో మాట్లాడాను. ఆకలేసింది. అతను చూస్తుండగా ఒక్కణ్ణే తినలేక పెరుగన్నం సగం పెట్టాను. మంచివాడు, పాపం. నేనేం చెప్పినా తల వంచుకుని విన్నాడు.

ఇప్పుడు అసలు ముప్పు వినండి. ఆఫీసుకు తిరిగి వచ్చేసరికి చిన్నసారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. మనిషే దొరకలేదంటే ఏమవుతుందో మీకు తెలుసు. "నబీ సాబ్ గారితో రోజంతా కూర్చుని మనసు విప్పి మాట్లాడుకున్నాం" అని రిపోర్టు రాసి ఇచ్చేశాను. ఆయన చదివి పొంగిపోయారు. ఎమ్మిగనూరు డిపో ఎప్పటికీ ఉండాల్సిందేనన్నారు. వచ్చే శుక్రవారం తానే స్వయంగా వచ్చి మీకు శాలువా కప్పుతారట. శాలువా అంటే రిటైర్మెంటని హడలిపోకండి. ఇది పనిలో ఉంచుకోవడానికి కప్పే శాలువా. అలాంటిది కూడా ఉంటుందని నాకూ నిన్ననే తెలిసింది.

మనమిద్దరం పాత స్నేహితుల్లా చేతులు పట్టుకుని ఫొటో దిగాలట. మీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు. పదిమందిలో వేరే ఎవరి చెయ్యో పట్టుకున్నానంటే నా పని అయిపోయినట్టే. మీ కాళ్ళు పట్టుకుంటాను, బుధవారం ఒక్కసారి ఆదోని వచ్చి మొహం చూపించి వెళ్ళండి.

ఇట్లు,
మీ కంటే ఎక్కువగా వణుకుతూ,
సేతుమాధవరావు

తా.క.: రిపోర్టు నిజంలా ఉండాలని తిక్కయ్య గురించి కూడా బాగా రాశాను. చిన్నసారు అతనికీ ఒక శాలువా తెస్తున్నారు. అతను తలగుడ్డ కళ్ళదాకా ఎందుకు కట్టుకుంటాడో తెలియదు, ఫొటోకు తియ్యమని చెప్పండి.

*

ఎమ్మిగనూరు,
21-8-79

రావు గారికి నబీ సాబ్ సలాములు.

బుధవారం నేను రానక్కర్లేదు. నా మొహం మీరు చూశారు. తలగుడ్డ చాటున సగమే చూశారనుకోండి. ఆ మూట మీద కూర్చున్నది నేనే. తిక్కయ్యనే హమాలీ మా డిపోలో ఎప్పుడూ లేడు. మా పెద్దమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది.

మీరేం చేస్తారో దగ్గరుండి చూడాలని హమాలీ గుడ్డలు కట్టుకున్నాను. తాళం ఏ జేబులోంచి తీస్తారా అని మీ చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. మీరు తీసింది పెరుగన్నం మూట. ఆ తర్వాత వాన చూస్తూ, మీ ఆఫీసులో మీతో మనసు విప్పి మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరని అన్నారు. "ఈ నబీ సాబ్ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం కాస్త తోడున్నట్టుంటుంది తిక్కయ్యా, ఆయన కూడా నాకు భయపడి పారిపోయినాడు చూడు" అన్నారు. అప్పుడే తలగుడ్డ తీసెయ్యాలనుకున్నాను. సిగ్గుతో చేతులు లేవలేదు. మీరు బస్సెక్కాక ఇంటికి పోయి ఏడ్చాను. జమ్రుద్‌బీ పరుపులన్నీ పరిచింది.

కాబట్టి మీ రిపోర్టులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మనం రోజంతా కూర్చున్నాం, మనసు విప్పి మాట్లాడుకున్నాం. చిన్నసారు ఏం అడిగినా ధైర్యంగా చెప్పండి. శుక్రవారం గుమ్మంలో మీ కోసం ముందుకొచ్చి చెయ్యి చాపేది నేనే. గట్టిగా పట్టుకోండి. ఆ గుంపులో నాకూ మీరు తప్ప తెలిసినవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇట్లు,
మీ స్నేహితుడు,
నబీ సాబ్

తా.క.: ఇప్పుడు నా వణుకంతా ఆ రెండో శాలువా గురించే. ఇద్దరం ఒకేసారి నిలబడలేం కదా. అందుకని తిక్కయ్యను నిన్నటి రైలుకు బొంబాయి పంపించేశాను, కూలి పనికి. అతను వెళ్ళిపోయాడని చిన్నసారు ముందు మీరు కాస్త కళ్ళు తుడుచుకోవాలి. పోతూ పోతూ మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నాడు.