నాలుగు రాష్ట్రాల కూలి

నాన్నా,

పొయ్యి మీద చిక్కుడుగింజల సూపు ఉంది, వేడిచేసుకుని తిను. మాత్ర సగానికి విరగ్గొట్టుకోకు, మొత్తం వేసుకో. అయిపోతే నేను తెస్తాను.

ట్రక్కు తీసుకెళ్తున్నాను. నిరుద్యోగ భృతి ఆఫీసులో ఈవేళ నా అప్పీలు వింటారు. నిన్ననే చెబితే తాళాలు దాచేసేవాడివి.

"ఊరూరా తిరిగి పంట కోసినదానివి, ఇప్పుడు ఊరూరా అడుక్కుంటావా?" అన్నావు, నేను భృతికి దరఖాస్తు పెట్టినప్పుడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. నేను అడుక్కోవడం లేదు నాన్నా. టెక్సస్‌లో గోధుమ పండగానే కోత మిషన్ ఎక్కాను. ఓక్లహామా, మన కాన్సస్ కోసుకుంటూ పోయి మోంటానాలో దిగాను. కోతలయ్యాయి, పని పోయింది. ఇంటికొచ్చి భృతి అడిగితే ఇక్కడి గుమస్తా, "మా రాష్ట్రంలో నువ్వు చేసింది చాలదమ్మా, టెక్సస్ వాళ్లనడుగు" అన్నాడు. టెక్సస్ వాళ్లేమో, "మీ కాన్సస్ వాళ్లనే అడుగు" అన్నారు. ఆ గోధుమరొట్టె తిన్నవాడెవడైనా అది ఏ రాష్ట్రంలో పండిందని అడిగాడా? అన్నిచోట్ల జీతమూ కలిపి లెక్కకట్టి ఒక్కచోటే ఇవ్వాలని చట్టంలోనే ఉందట. మా గుంపుకి వండిపెట్టే ఇర్మా చెప్పింది. కిందటేడు ఆవిడ అలాగే తీసుకుంది. వాళ్లచేత ఆ లెక్క కట్టించేదాకా నేను కుర్చీలోంచి లేవను.

లొరెట్

కోపమొచ్చి తలుపు గడియ పెట్టుకున్నా సరే. వంటింటి కిటికీలోంచి దూరడం నాకు చిన్నప్పుడే వచ్చు. నేర్పింది నువ్వే.