హోటల్ భోజనం మానేశాను

విశాఖపట్నం,
9-8-1980.

చి.ల.సౌ. భ్రమరాంబకు,

నేను ఇక్కడ క్షేమం. అక్కడ పుట్టింట్లో నీ ఒంట్లో ఎలా ఉందోనని అదే ధ్యాస.

పోర్టు గేటు ఎదుట హోటల్లో భోజనం మళ్లీ అర్ధరూపాయి పెంచారు. అందుకని సోమవారం నుంచి నేనే వండి కారియర్ పట్టుకెళ్తున్నాను. మొదటిరోజు అన్నం ముద్దయింది. గోడౌను నీడన మూత తీస్తే, పక్కన కూర్చున్న కళాసీ వరహాలు, "ఇదేటి బావా, అన్నవా, అంబలా?" అని నవ్వి, తన వంకాయ, ఎండురొయ్యల కూర సగం నాకు వేశాడు. "ఇన్నాళ్లూ ఓటల్‌కెల్లేవు, ఇంటికాడ వొండీ మనిసి లేదేటి?" అనడిగాడు.

"ఉంది. కారియర్ మోస్తే నామోషీ అని నేనే వద్దన్నాను."

"ఆ మాట నాతో కాదు, ఆయమ్మతో సెప్పు" అన్నాడు.

తిన్నాక సముద్రపు గాలికి కళ్లు మూతలు పడ్డాయి. ఎదురుగా ఓడ కదులుతుంటే, కదిలేది అదో నేనో తెలియలేదు. ఆ మగతలో, నేను వదిలేసి పోయిన కారియర్ ముందు నువ్వొక్కదానివే కూర్చుని, చల్లారిన అన్నం కలుపుకుంటూ కనిపించావు.

సోలెడు బియ్యానికి నీళ్లెన్ని పోయాలో రాయి. డాక్టరమ్మ ఏ తేదీ చెప్పింది? అత్తయ్యగారికి, మామయ్యగారికి నమస్కారాలు.

కార్డు అంచున కాస్త చోటు మిగిలింది. తప్పు నాదే భ్రమరాంబా. పోస్టుమేను చదివితే చదవనీ.

చలమయ్య