నువ్వు చెప్పిన ట్రైనింగ్

అక్కా,

నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ కంప్యూటర్ ట్రైనింగ్‌కి వెళ్లానని అందరికీ చెప్పావట. నా పరువు కాపాడావు, సంతోషం. కానీ నిన్న మీ అత్తగారు పాడైపోయిన కంప్యూటర్ని మోసుకొచ్చి నా కుట్టుమిషన్ మీద పెట్టారు.

"నేర్చుకొచ్చావటగా, కాస్త బాగుచెయ్యమ్మా" అన్నారు.

నాకు నవ్వాగలేదు.

"నేను నేర్చుకున్నది అది కాదత్తయ్యగారూ. బతకాలనిపించక ఆసుపత్రిలో చేరాను. మందులు వేసుకుని, మళ్లీ తినడం, నిద్రపోవడం నేర్చుకున్నాను" అని ఉన్నమాట చెప్పేశాను.

ఆవిడ లేచి తలుపు వేశారు. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆవిడేమో నా పక్కన కూర్చుని, "ఆ డాక్టరు ఆడమనిషేనా?" అని మెల్లగా అడిగారు.

సోమవారం ఇద్దరం వెళ్తున్నాం. బావకి తనే చెబుతానన్నారు. ఈలోగా నువ్వు ఏ కథా అల్లకు, ఆవిడకి నీ సాయం అక్కర్లేదట.

నీ చెల్లి