మూడో స్తంభం దగ్గరి ఆల్చిప్పలు

మార్చి 4
ట్రాన్స్‌ఫర్ మీద ఈ ఊరొచ్చాక నన్నెవరైనా పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. ఆ పేరు కూడా నాది కాదు. ఆల్చిప్పలమ్మాయట. మా పడవ నడిపే సరంగు పెట్టాడు. నలభై నాలుగేళ్లొచ్చాక అమ్మాయేమిటి! అయినా బాగుంది.

వేరేచోట శుభ్రమైన నీళ్లలో పెరిగిన ఆల్చిప్పల్ని వల సంచుల్లో పోసి, జెట్టీ స్తంభాలకి వేలాడగట్టాం. అవి రోజంతా నీళ్లు పీల్చి వదుల్తుంటాయి. నీళ్లలో విషం ఏదైనా ఉంటే వాటి ఒంట్లో పేరుకుంటుంది. కొన్ని వారాలాగి తీసి ల్యాబ్‌కి పంపాలి. అంతవరకూ ఎదురు చూడ్డమే పని.

మార్చి 9, ఆదివారం
కింది వాటాలో ఉండే ఇంటావిడ భోజనానికి పిలిచారు. పిన్నిగారూ అనమన్నారు. జెట్టీ దగ్గర తనే ఏరుకొచ్చిన ఆల్చిప్పలు వండారు. పొద్దస్తమానం నీకు వీటితోనే పని, ఇక్కడా ఇవే పెడుతున్నానని నవ్వారు. నా విడాకుల సంగతి అడగలేదు. ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని తిని ఎన్నాళ్లయిందో.

మార్చి 16
మళ్లీ పిలిచారు.

ఏప్రిల్ 6
పిన్నిగారి కూతురు కాన్పుకి వచ్చింది. ఏడో నెల. ప్లేటు పొట్టమీద పెట్టుకుని తింటుంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ఎందుకో ఇప్పుడు గుర్తు రావట్లేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం
రిపోర్ట్ వచ్చింది. మూడో స్తంభం సంచిలో సీసం. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు. పక్కనే పాత పడవల పెయింట్ గీకే యార్డు. ఆ పొడంతా నీళ్లలోకే పోతుంది. పిన్నిగారు ఏరుకొచ్చేది సరిగ్గా అక్కడే.

మా ఆఫీసు సార్‌కి ఫోన్ చేశాను. రెండో టెస్ట్ అయ్యేదాకా బయట ఎవరితోనూ అనొద్దన్నారు. సరే సార్ అన్నాను. ఎంత తొందరగా అన్నానో.

ఏప్రిల్ 20, ఆదివారం
చెబుదామనే వెళ్లాను. పిన్నిగారు నాకు కిటికీ పక్కన కుర్చీ వేసి ఉంచారు. ఆల్చిప్పల గిన్నె ఇటివ్వమని కూతురు అడిగింది.

ఇచ్చాను. నా చేత్తో.

ఏప్రిల్ 21
పొద్దున్నే నైటీలోనే కిందికి దిగి చెప్పేశాను. అవి మానెయ్యండి, వాటిలో సీసం ఉంది, కడుపులో బిడ్డ మెదడుకి మంచిది కాదు, వెంటనే రక్తపరీక్ష చేయించండి అని గుక్కతిప్పుకోకుండా. పిన్నిగారు ముందు నమ్మలేదు. ఇన్నేళ్లుగా తింటున్నాం, మాకేమైంది అన్నారు. తర్వాత నా మొహం చూసి, రిపోర్ట్ ఎప్పుడొచ్చిందన్నారు.

ఇవాళే అనొచ్చు. నోటిదాకా వచ్చింది.

శుక్రవారం అన్నాను.

మరి నిన్న గిన్నె అందించావే అన్నారు. అరిచుంటే బాగుండేది. తలుపు మెల్లగా వేసుకున్నారు.

ఏప్రిల్ 27
ఆదివారం. బ్రెడ్.

మే 5
రెండో టెస్ట్‌లోనూ అదే. ఇక్కడ ఆల్చిప్పలు ఏరొద్దని జెట్టీ మీద బోర్డు పెట్టారు. యార్డు మూయించారు. సరంగు బావమరిదిది అక్కడే పని. సరంగు ఇప్పుడు నన్ను మేడమ్ అంటున్నాడు.

మే 14
మెట్ల దగ్గర కూతురు ఎదురైంది. రక్తంలో సీసం కొంచెం కనబడిందట. తినడం మానేశారు కాబట్టి తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పారట. కాన్పుదాకా అలాగే తినుంటేనో అంటూ పొట్ట నిమురుకుంది. లోపలికి రమ్మంటుందేమోనని చూశాను. అమ్మ వచ్చే టైమైందంటూ గబగబా వెళ్లిపోయింది.

జూన్ 19
కొత్త సంచులు కట్టాం. తాడు అందిస్తూ కూడా సరంగు నావైపు చూడలేదు.

జూన్ 26, మధ్యాహ్నం
ఎవరూ చెప్పలేదు. కింది నుంచి పసిగుడ్డు ఏడుపు. గట్టి గొంతు.

ఫ్యాన్ ఆపేసి, నేలకి చెవి ఆనించి పడుకున్నాను.