శనివారం సౌనా వంతు

సిర్కా,
క్షేమంగా చేరాను, బెంగపడకు. ట్రామ్ పట్టాల పని వసంతం దాకా ఉంటుంది. తాంపెరె మనం చదువుకున్న ఊరే కదా, నడిబొడ్డున గది ఇచ్చినా దారి తప్పలేదు. తప్పిందల్లా సౌనా దగ్గరే. ఈ భవనంలో అందరికీ కలిపి ఒకటే ఆవిరిస్నానాల గది, ఇంటికో గంట వంతు. నేను మనింటి అలవాటున శనివారం సాయంత్రం బట్టలు విప్పేసి తలుపు తీస్తే, లోపల మూడో అంతస్తు ముసలాయన వాల్టో!

"ఇది నా వంతయ్యా!"

సిగ్గుతో వెనక్కి తిరిగాను.

"ముందా తలుపు మూయి, వేడంతా పోతోంది. వచ్చి కూర్చో. మా ఆవిడ పోయాక ఒక్కణ్ణే. మాట్లాడక్కర్లేదులే, పక్కనుంటే చాలు."

పాపకి దగ్గు తగ్గిందా? పొగగొట్టం దులిపించావా? సౌనాలో వీపు తట్టుకునే బిర్చి కొమ్మల కట్టలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, బస్సులో వేసి పంపు. ఒకటి కాదు, రెండు. పాపకి ముద్దులు.
నీ తౌనో